ఇంట్లో పూల నూనె: వాసన పట్టకపోతే, పట్టినా పాడైపోతే

మల్లె, సంపెంగ, మరువం, వట్టివేళ్ళు. ఇంట్లో నూనెకి వాసన పట్టించాలనుకునేవాళ్ళు ఎక్కువగా వీటితోనే మొదలుపెడతారు. సీసా పాడైందంటే చాలావరకు కారణం రెండే: ఎక్కడో తడి మిగిలింది, లేదా ఎక్కడో వేడి ఎక్కువైంది. అయినా మీ సీసాలో కనిపిస్తున్న లక్షణం ఏమిటో చూసుకుని అక్కడి నుంచి వెనక్కి రండి. మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టాల్సిన అవసరం అన్నిసార్లూ ఉండదు.

నూనెకి వాసనే పట్టలేదు

ముందు ఏ పువ్వు వేశారో చూడండి. మందారం ఎంత వేసినా వాసన రాదు, ఆ పువ్వుకి వాసన లేదు గనక. జుట్టు కోసమైతే వేసుకోండి, సువాసన కోసం వద్దు. గులాబీ ఇంకో రకం మోసం. దాని రేకుల్లో సుగంధ తైలం ఎంత తక్కువంటే, కిలో గులాబీ అత్తరుకి 3 టన్నులకు పైగా రేకులు కావాలి. పైగా ఆ వాసనలో పెద్ద భాగం నీళ్ళలో తేలిగ్గా కలిసిపోతుంది. పన్నీరు ఘుమఘుమలాడటం, మీ నూనె చప్పగా ఉండటం రెండూ అందుకే. ఎండిన రేకుల్లో ఆ కాస్తా మిగలదు.

మల్లె వేసినా వాసన రాలేదంటే వేళ తప్పిందన్నమాట. గట్టి మొగ్గలో వాసన సిద్ధంగా ఉండదు, విచ్చుకునేటప్పుడు తయారవుతుంది. కోసిన తర్వాత కూడా మల్లె కొన్ని గంటలపాటు వాసన చిమ్ముతూనే ఉంటుంది. సాయంత్రం కొన్న మొగ్గల్ని పొడి బట్ట మీద పలచగా పరిచి, రాత్రి విచ్చుకున్నాకే నూనెలో వేయండి.

ఇంకో పొరపాటు, పూలు ఒక్కసారే వేసి ఊరుకోవడం. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో కొవ్వు పూసిన గాజు పలకల మీద జాజిపూలు పరిచి, వాడినవి తీసేసి మళ్ళీ మళ్ళీ కొత్తవి పరిచేవాళ్ళు. మన దేశంలో కన్నౌజ్, జౌన్‌పూర్ ప్రాంతాల్లో నువ్వుల మధ్య పూలు పొరలుగా వేసి, పూలు మారుస్తూ, నువ్వులకి వాసన బాగా పట్టాక గానుగ ఆడే పద్ధతి ఉంది. రెండు చోట్లా పూలని పొయ్యి మీద పెట్టరు, పూలు మార్చకుండానూ ఉండరు. మీరూ అంతే. పావు లీటరు నూనెలో రెండు దోసిళ్ళ పూలు వేయండి, మర్నాడు వడకట్టండి, అదే నూనెలో మళ్ళీ తాజా పూలు వేయండి. ఇలా ఐదారు విడతలు చేయాలి. మూడో విడత దాకా పెద్దగా తేడా తెలియకపోయినా ఆపకండి.

నూనె ఎంపిక కూడా చూసుకోండి. గానుగ నువ్వుల నూనె ఒంటికి మంచిదే గానీ దాని వాసన మల్లెని మింగేస్తుంది. వాసన తక్కువగా ఉండే రిఫైన్డ్ కొబ్బరి నూనె గానీ బాదం నూనె గానీ ఈ పనికి నయం.

ఇవన్నీ సరిగ్గా చేసినా వాసన తెలియకపోతే అనుమానించాల్సింది మీ ముక్కునే. రోజంతా పూల మధ్య కూర్చున్నవాళ్ళకి ఆ వాసన తెలియడం మానేస్తుంది. ఒక దూది ఉండకి చుక్క అంటించి, మర్నాడు పొద్దున్నే చూడండి. ఇంట్లో పనిలో లేనివాళ్ళని అడిగితే ఇంకా మేలు.

పులిసిన వాసన, అడుగున మసక, పైన బూజు

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కారణం తడి. పచ్చి పువ్వులో ఎక్కువ భాగం నీరే. దానికి తోడు మాలల మీద బండివాళ్ళు నీళ్ళు చల్లుతూనే ఉంటారు. అందుకే ఈ పనికి మాల కాకుండా విడిపూలు కొనండి, అవీ వాన కురిసిన రోజు వద్దు. పూలు ఊరుతున్నప్పుడు సీసాకి మూత బిగిస్తే ఆవిరి మూత లోపలి వైపు చుక్కలు కట్టి తిరిగి నూనెలోకే పడుతుంది. అందుకని పూలు ఉన్నంతవరకు పలచని బట్ట కట్టండి, వడకట్టాకే మూత. పూలు నూనెలో పూర్తిగా మునగాలి, పైకి తేలిన రేకు దగ్గరే బూజు మొదలవుతుంది. వడకట్టేటప్పుడు పూలని పిండొద్దు, పిండితే దిగేది పువ్వులోని నీళ్ళు. ఆ నాలుగు చుక్కల నూనె పోతే పోనివ్వండి.

ఇప్పటికే మసకబారిందా? బూజు లేకపోతే కాపాడుకోవచ్చు. సీసాని రెండు రోజులు కదపకుండా ఉంచండి, నీళ్ళు అడుక్కి దిగుతాయి. పైనున్న తేట నూనెని మెల్లగా వంపుకుని అడుగు మడ్డి వదిలేయండి. ఆ తేట నూనె ఉన్న గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో దించి, మూత లేకుండా బుడగలు ఆగేదాకా ఉంచండి. వాసన కొంత తగ్గుతుంది, తప్పదు.

తడి పోయిందో లేదో తెలుసుకోవడానికి ఆయుర్వేద తైలాలు కాచేవాళ్ళు చూసే గుర్తు ఒకటుంది: తైలంలోని ముద్దని నిప్పులో వేస్తే చప్పుడు రాకూడదు. ఇంట్లోనైతే ఒక దూది వత్తిని ఈ నూనెలో తడిపి ప్రమిదలో వెలిగించండి, ముఖం కాస్త దూరంగా పెట్టుకుని. చిటపటలాడితే ఇంకా నీళ్ళున్నాయి. నిశ్శబ్దంగా వెలిగితే సీసాలో పోసుకోవచ్చు.

బూజు పట్టిన నూనె మాత్రం పారేయాల్సిందే. పైన బూజు తీసేసి కాచి వాడే ఉపాయాలు చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. కాస్తే బూజు చస్తుందేమో, అది నూనెలో వదిలిన చెడు ఎక్కడికీ పోదు.

మల్లె నూనె కంపు కొడుతోంది

బూజు లేదు, తడి లేదు, అయినా ముక్కు మూసుకోవాలనిపిస్తోందా? పూలు ఎక్కువసేపు ఉండిపోయాయి. మల్లె వాసనలో ఇండోల్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. కొంచెం ఉంటే మత్తుగా బాగుంటుంది, ఎక్కువైతే మురుగు కంపు. వాడి గోధుమరంగుకి తిరిగిన పూలు మీ నూనెని అటే లాగుతాయి. ఒక రాత్రి దాటకుండా తీసేయండి. స్వల్పంగా చెడితే సమానంగా మామూలు నూనె కలిపితే ఓర్చుకునేలా మారుతుంది.

కమురు వాసన

నేరుగా మంట మీద పెట్టారు. దీనికి మందు లేదు, ఆ నూనెని దీపానికి వాడుకోండి. మల్లె, సంపెంగలకి అసలు వేడి వద్దు. మరువానికి నీడలో ఒకపూట ఆరబెట్టాక, చేతికి ఓర్చుకోగలిగే వేడి చాలు. వట్టివేళ్ళు మాత్రం మొండివి, చల్లటి నూనెకి వాటి వాసన చాలా నెమ్మదిగా దిగుతుంది. కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, సన్నగా కత్తిరించి, దంచి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి సన్న సెగ మీద గంటన్నర ఉంచండి. రెండు మూడు రోజులు ఇలాగే చేయండి.

నెలలు గడిచాక పాత నూనె వాసన

గాలి, వెలుతురు తగిలితే నూనె పాతబడుతుంది. పొద్దుతిరుగుడు నూనెతో చేస్తే త్వరగా, కొబ్బరి నూనెతో చేస్తే ఆలస్యంగా. రంగు గాజు సీసాలో నిండుగా పోసి అలమరలో పెట్టండి, కిటికీ గట్టు మీద కాదు. 100 మి.లీ.కి విటమిన్ ఇ 400 క్యాప్సూల్ ఒకటి పిండితే కొంత ఆలస్యం చేస్తుంది. అది బూజుని ఆపుతుందన్నది మాత్రం అపోహ.

కొబ్బరి నూనె చలికాలంలో గడ్డకడితే టెన్షన్ పడకండి. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మామూలే, గోరువెచ్చని నీళ్ళలో పెడితే కరుగుతుంది.

కొన్న సెంటు నూనెలో కలవడం లేదు

ఎంత ఊపినా అడుగుకే చేరుతోందంటే అది నూనెలో కరిగే రకం కాదు. కొవ్వొత్తులకి, స్ప్రేలకి అమ్మే కొన్నింటిలో నూనెలో కలవని గ్లైకాల్ లాంటి ద్రవాలు కలిపి ఉంటాయి. స్పిరిట్ సెంటు కూడా కొబ్బరి నూనెతో కలవదు, ఆముదంతో అయితే కలుస్తుంది. సీసా మొత్తంలో వంపకముందే ఒక చెంచా నూనెలో రెండు చుక్కలు వేసి ఒక రాత్రి చూడండి.

రాసుకుంటే మంట, దద్దుర్లు

ఎసెన్షియల్ ఆయిల్, అంటే మొక్కల నుంచి తీసిన గాఢమైన సుగంధ తైలం, ఎక్కువైంది. 30 మి.లీ. నూనెకి 12 చుక్కలు వేస్తే సుమారు 2 శాతం, పెద్దవాళ్ళకి అది చాలు. లవంగ, దాల్చినచెక్క తైలాలు ఇంకా చాలా తక్కువ వేయాలి. నిమ్మతొక్కని పిండి తీసిన తైలం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది. మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజు ఆగాకే మిగతా ఒంటికి. ఇప్పటికే మంట మొదలైతే ముందు మామూలు కొబ్బరి నూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి, ఉత్త నీళ్ళకి అది వదలదు. దద్దుర్లు తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. పసిపిల్లలకి కర్పూరం కలిపిన నూనె రాయొద్దు, సీసా కూడా వాళ్ళకి అందనివ్వొద్దు. కర్పూరం లోపలికి పోతే పిల్లలకి ఫిట్స్ వస్తాయి.