టిక్కీ ఎత్తేటప్పుడు నడుముపై భారం తగ్గించుకొనే విధానం

గుంటూరు మిర్చి యార్డులో సుమారు 40 కిలోలుండే టిక్కీ (మిర్చి బస్తా) బరువును మనం తగ్గించలేము గాని, ఆ బరువు నడుముకు ఎంత దూరంలో ఉండాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. నడుము కీలు వద్ద ఏర్పడే టార్క్, అంటే కీలును తిప్పే ప్రభావం (బలభ్రామకం), బరువును ఆ అడ్డ దూరంతో గుణిస్తే వస్తుంది.

40 కిలోల బరువంటే దాదాపు 400 న్యూటన్లు. అది నడుముకు 60 సెంటీమీటర్ల ముందు ఉంటే టార్క్ 240 న్యూటన్ మీటర్లు. దానిని నిలువరించాల్సిన వెన్ను కండరాలు కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల వెనుకనే ఉంటాయి కనుక, అవి 4,800 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 480 కిలోలను మోస్తున్నంతగా లాగాలి. వంగినప్పుడు ముందుకు వచ్చే తల, మొండెం బరువు దీనికి అదనం. టిక్కీని 30 సెంటీమీటర్లకు దగ్గర చేస్తే దానివల్ల కలిగే భారం సరిగ్గా సగమవుతుంది.

పడుకొని ఉన్న టిక్కీని ఒక్కసారిగా పైకి లేపకండి. ముందు ఒక కొసను మాత్రమే ఎత్తి నిలబెట్టండి. రెండో కొస నేలపై ఆనుకొని ఉండగా బరువు మధ్యలో ఉంటుంది కాబట్టి, ఆ క్షణంలో చేతులపై పడేది సుమారు 20 కిలోలే. తరువాత ఒక పాదాన్ని టిక్కీ పక్కన, రెండోదాన్ని కాస్త వెనుకగా ఉంచి, దానిని పొట్టకు ఆనించుకొని, తుంటి, మోకాళ్ల బలంతో లేవండి. పక్కకు తిరగవలసి వస్తే నడుమును మెలితిప్పకుండా పాదాలతో తిరగండి.

మోకాళ్లు వంచితే చాలు అని అందరూ చెప్పే సలహా నా దృష్టిలో అసంపూర్ణం. మోకాళ్లు వంచినా మూట వాటికి ముందే ఉండిపోతే దూరం తగ్గకపోగా, కొన్నిసార్లు పెరుగుతుంది. హమాలీలు టిక్కీని వీపు మీదకు ఎక్కించుకొని మోయడంలో ఉన్న మేలు కూడా ఇదే. బరువు వెన్నుకు దగ్గరగా ఉంటుంది.

జిమ్‌లోనూ ఇదే లెక్క. చేతులు చాచి 5 కిలోల డంబెల్‌ను పక్కకు ఎత్తడం భుజానికి కష్టమైతే, బరువు మార్చే ముందు మోచేతిని వంచి చూడండి. డంబెల్ భుజానికి 60కి బదులు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాని టార్క్ 30 నుంచి 15 న్యూటన్ మీటర్లకు తగ్గుతుంది. బలం పెరిగిన కొద్దీ మోచేతిని క్రమంగా చాపుతూ వెళ్లండి.