వాతావరణ రాడార్‌తో వాన చినుకుల సైజు అంచనా వేయడం ఎలా?

రాడార్ మ్యాప్‌లో ఎర్రగా ఉన్నచోట పెద్ద చినుకులు, ఆకుపచ్చగా ఉన్నచోట చిన్నవి పడుతున్నాయని చాలామంది అనుకుంటారు. ఆ రంగు ఒక్కటే చూస్తే సైజు తేలదు.

రంగు చూపేది రిఫ్లెక్టివిటీని, అంటే చినుకులకు తగిలి తిరిగొచ్చిన సంకేతం బలాన్ని. కొలత డీబీజెడ్‌లలో. చినుకు వ్యాసం రెట్టింపైతే ఈ సంకేతం 64 రెట్లవుతుంది. చిక్కంతా ఇక్కడే. 40 డీబీజెడ్ కనిపించిందనుకోండి. ఘనమీటరు గాలిలో 1 మి.మీ. చినుకులు 10,000 ఉన్నా అంతే వస్తుంది, 2 మి.మీ. చినుకులు సుమారు 156 ఉన్నా అంతే, 4 మి.మీ.వి రెండు మూడున్నా దాదాపు అంతే. కానీ మొదటిదాంట్లో ఉన్న నీరు రెండోదానికి ఎనిమిది రెట్లు!

ఈ ముడి విప్పేది చినుకు ఆకారం. 1 మి.మీ. లోపు చినుకు దాదాపు గోళంలా ఉంటుంది. పెరిగేకొద్దీ గాలి ఒత్తిడికి అడుగు చదునై, అడ్డంగా సాగుతుంది. (బొమ్మల్లో వేసే కన్నీటిబొట్టు ఆకారం నిజం వానలో ఉండదు.) డ్యుయల్ పోలరైజేషన్ రాడార్ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి తరంగాలు పంపి, రెండింటి ప్రతిఫలనాల తేడా చెబుతుంది. ఆ తేడా పేరు జెడ్‌డీఆర్, కొలత డెసిబెల్‌లలో. చినుకు ఎంత పెద్దదై చదునైతే అది అంత పెరుగుతుంది. 1976లో సెలిగా, బ్రింగి అనే పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతి ఇది. అమెరికాలోని వాతావరణ రాడార్ల వ్యవస్థ నెక్స్‌రాడ్‌కు 2011–2013 మధ్య ఈ సదుపాయం వచ్చింది. ఆ డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

1. రాడార్‌కు దగ్గర్లో, అతి తక్కువ కోణంలో తీసిన స్కాన్ ఎంచుకోండి. దూరం పెరిగితే కిరణం పైకి లేచి, మంచు కరిగే పొరను తాకుతుంది. అక్కడి జెడ్‌డీఆర్‌ను చినుకులకు అన్వయించకూడదు.

2. కోరిలేషన్ కోఎఫిషియెంట్ చూడండి, అంటే అడ్డ, నిలువు ప్రతిఫలనాలు ఒకదానితో ఒకటి ఎంత పొంతన కుదురుతున్నాయో చెప్పే సంఖ్య. 0.97 దాటితే వానే అనుకోవచ్చు. బాగా తగ్గితే వడగళ్లో, కరుగుతున్న మంచో, పక్షులో, పురుగులో కలిసి ఉంటాయి. 55 డీబీజెడ్ దాటినా జెడ్‌డీఆర్ సున్నా దగ్గరే ఉంటే వడగళ్లని అనుమానించి, ఆ చోటు వదిలేయండి.

3. రాడార్ మ్యాప్‌లోని ఒక్క గడి విలువను నమ్మకుండా చుట్టుపక్కల గడుల జెడ్‌డీఆర్ సగటు తీయండి. ఎస్ బ్యాండ్ రాడార్‌లో (సుమారు 10 సెం.మీ. తరంగదైర్ఘ్యం వాడేది) 0.5 డెసిబెల్ అంటే సుమారు 1.3 మి.మీ., 1 అంటే 1.6, 2 అంటే రెండుకు కాస్త పైన, 3 అంటే మూడు దరిదాపుల్లో. ఇది మధ్యస్థ వ్యాసం: ఆ వాన నీటిలో సగం ఇంతకంటే చిన్న చినుకుల్లో, సగం పెద్దవాటిలో ఉంటుంది.

4. ఇప్పుడు జెడ్‌డీఆర్‌ను రిఫ్లెక్టివిటీతో పోల్చి చూడండి. రిఫ్లెక్టివిటీ ఎక్కువగా, జెడ్‌డీఆర్ తక్కువగా ఉంటే లెక్కలేనన్ని చిన్న చినుకులు. తారుమారైతే కొద్దిపాటి పెద్ద చినుకులు. గాలివాన ముందంచున ఇలా తరచూ కనిపిస్తుంది, ఎందుకంటే బరువైనవే ముందు నేలకు చేరతాయి.

రాడార్ జెడ్‌డీఆర్ కొలతలో 0.2 డెసిబెల్ పొరపాటున్నా, చిన్న చినుకుల లెక్క బాగా దెబ్బతింటుంది. అందుకే నిర్వాహకులు తేలికపాటి వానలో యాంటెనాను నిట్టనిలువుగా పైకి తిప్పి, జెడ్‌డీఆర్ సున్నా వస్తోందో లేదో పరీక్షిస్తారు. కింద నుంచి చూస్తే ఏ చినుకైనా గుండ్రమే కదా.

మీ అంచనాను నేలమీద సరిచూసుకోవాలంటే చినుకుల సైజు కొలిచే పరికరం, డిస్‌డ్రోమీటర్ కావాలి. అది లేకపోతే మంచు రేకుల ఫొటోలకు పేరుపొందిన అమెరికన్ విల్సన్ బెంట్లీ 1904లో ప్రచురించిన పిండి పద్ధతి ఉంది. పళ్లెంలో అంగుళం మందాన జల్లించిన పిండి పోసి, కొన్ని సెకన్లు వానలో పెట్టండి. ఆరాక జల్లెడ పడితే ఉండలు మిగులుతాయి. వాటి సైజు చినుకుల సైజుకు దగ్గరగా ఉంటుంది. ఒక్క ఉండను కాక, మొత్తం ఉండల తీరును రాడార్ అంచనాతో పోల్చండి. కిరణం ఎత్తు నుంచి నేలకు వచ్చేలోపు కొన్ని చినుకులు ఆవిరై తగ్గుతాయి, కొన్ని కలిసిపోతాయి, కొన్ని చీలిపోతాయి.