వేరుశనగలో కంది: కలిసొస్తోందా, కొట్టుకుంటున్నాయా? మీ పొలంలోనే తూచి తేల్చుకోండి

వేరుశనగలో కంది సాళ్లు వేసినవాళ్లు చివర్లో చెప్పే మాట దాదాపు ఒకటే: "పర్లేదు, కంది కూడా కాస్త వచ్చింది లెండి." ఆ కాస్త ఊరికే వచ్చిందా, వేరుశనగ నోటి దగ్గర కూడు లాక్కుని వచ్చిందా అన్నది మాత్రం ఎవరూ తూచి చూడరు. తూచడం పెద్ద పనేం కాదు. పదిహేను సెంట్ల నేల, ఒక కాటా, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. కంది కోసేదాకా ఆగే ఓపిక మాత్రం ఉండాలి, అదే అసలు కష్టం.

పొలంలో ఒకే రకం మట్టి, ఒకే వాలు ఉన్న చోట పక్కపక్కనే మూడు మడులు గీయండి, ఒక్కోటి ఐదు సెంట్లు (తెలంగాణ లెక్కలో రెండు గుంటలు). గట్టు మీద వేపచెట్టు ఉంటే దాని నీడకు, వేర్లకు దూరంగా జరగండి. ఒకదాంట్లో వేరుశనగ ఒక్కటే, రెండోదాంట్లో కంది ఒక్కటే, మూడోదాంట్లో రెండూ కలిపి, ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది. విత్తనం, ఎరువు, విత్తే రోజు అన్నీ ఒకటే ఉండాలి. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు: ఒంటిపంట మడి ఎలాగూ పోల్చడానికే కదా అని దాన్ని నిర్లక్ష్యంగా వదిలేస్తారు. అది పలచగా మొలిచి, కలుపు పట్టి, సరిగ్గా కాయకపోతే దాని పక్కన అంతరపంట ఎంత నాసిగా ఉన్నా గొప్పగానే కనిపిస్తుంది, లెక్కంతా అబద్ధమైపోతుంది. ఒంటి కంది సాళ్ల మధ్య దానికి కావలసిన మూడు నాలుగు అడుగుల ఎడం ఇవ్వండి, ఒంటి వేరుశనగను మీరు మామూలుగా వేసే అడుగు ఎడంలోనే వేయండి.

మొదటి నలభై రోజులు మూడు మడుల్లోనూ కలుపు లేకుండా చూసుకోండి, లేకపోతే మీరు కొలిచేది కందికీ వేరుశనగకూ మధ్య పోటీని కాదు, రెండింటికీ గరికతోనూ తుంగతోనూ ఉన్న పోటీని. వేరుశనగ ఊడలు భూమిలోకి దిగడం మొదలయ్యాక గుంటక తోలొద్దు, ఆ తర్వాత కనిపించిన కలుపు చేత్తో పీకాల్సిందే.

కోతలప్పుడు మడి అంచు మొక్కలు వదిలేయండి. వాటికి బయటి వెలుతురు, బయటి తేమ అదనంగా దొరుకుతాయి కాబట్టి అవి ఎప్పుడూ ఎక్కువే కాస్తాయి. మూడు మడుల్లోనూ ఒకే కొలత నేల తీసుకోండి. వేరుశనగ కాయ పచ్చిగా తూచకండి, అన్నింటినీ ఒకే కళ్లంలో ఒకేలా ఎండబెట్టాకే కాటా ఎక్కించండి.

లెక్క ఇలా. ఒంటి వేరుశనగ 40 కిలోలు, ఒంటి కంది 20 కిలోలు వచ్చాయనుకుందాం. కలిపి వేసిన మడిలో వేరుశనగ 34, కంది 8. ఇప్పుడు 34ను 40తో భాగిస్తే 0.85, 8ని 20తో భాగిస్తే 0.40, రెండూ కలిపితే 1.25. అంటే కలిపి వేసిన ఒక ఎకరంలో వచ్చిన పంట విడివిడిగా రావాలంటే ఎకరం పాతిక నేల కావాలి. ఈ అంకె ఒకటి దాటితే కలపడం దండగ కాలేదని, ఒకటి కంటే తగ్గితే రెండూ కొట్టుకుని మొత్తం మీద నష్టమే మిగిలిందని. ఇంకో సంగతి కూడా గమనించండి: ఎనిమిది సాళ్లలో ఏడు వేరుశనగవి, అంటే 0.875 వంతు. దిగుబడి 0.85. కందికి ఇచ్చిన సాలు మేరకు తగ్గిందే తప్ప, మిగతా ఏడు సాళ్ల మీద కంది పెద్దగా చెయ్యి వేయలేదన్నమాట.

ఎందుకు వేయలేదంటే, కంది మొదటి రెండు నెలలు చాలా నెమ్మదిగా పెరుగుతుంది. వేరుశనగ దాదాపు 110 రోజులకు చేను ఖాళీ చేసి పోతుంది, కంది అసలు ఆకలి ఆ తర్వాతే మొదలవుతుంది, పైగా దాని తల్లివేరు వేరుశనగ వేర్లకు అందని లోతు నుంచి తేమ తీసుకుంటుంది. జొన్న రెండు సాళ్లు, కంది ఒక సాలు వేసే పద్ధతి నిలబడింది కూడా ఈ కాలం తేడా మీదే, దానికి తోడు కంది తన నత్రజనిని వేరుబుడిపెలతో గాలి నుంచి తానే చాలావరకు సమకూర్చుకుంటుంది. ఆ చేలో యూరియా కుమ్మరించారనుకోండి, జొన్న ఒక్కసారిగా లేచి కందిని నీడలో తొక్కేస్తుంది.

మీ లెక్క ఒకటి కంటే తక్కువ వచ్చిందా? అయితే వచ్చే ఏడు ఎక్కడ తగువుందో వెతకాలి. కంది పక్క సాలులో రెండు మీటర్లు, దూరంగా నడి సాలులో రెండు మీటర్లు వేరుశనగ విడిగా పీకి, ఎండబెట్టి తూచండి. పక్క సాలు బాగా తగ్గితే తగువు కందితోనే. అది నీడ వల్లా, వేర్ల వల్లా? కంది సాలులో మూడు ముక్కలు ఎంచుకోండి. ఒకదాన్ని అలాగే వదిలేయండి. ఒకదాంట్లో కంది కొమ్మల్ని పురికొసతో దగ్గరికి లాగి కట్టి పక్క సాలు మీద ఎండ పడేలా చేయండి. మూడోదాంట్లో మొక్కలు చిన్నగా ఉన్నప్పుడే రెండు సాళ్ల మధ్య మోకాలి లోతు సన్నటి కాలువ తీసి, ప్లాస్టిక్ పట్టా నిలువుగా దించి మట్టి పూడ్చేయండి. కొమ్మలు కట్టిన చోట పక్క సాలు వేరుశనగ కాయ పెరిగితే వెలుతురు కోసం, పట్టా దించిన చోట పెరిగితే నీటి కోసమో పోషకాల కోసమో పోటీ ఉందన్నమాట. ఇది నేను కల్పించింది కాదు, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థలో సజ్జ, వేరుశనగ సాళ్ల మధ్య ఇలాగే భూమిలో అడ్డు దించి పరీక్షించి 1981లో ప్రచురించారు.

నీడే కారణమైతే కంది సాళ్ల మధ్య దూరం పెంచండి, ఏడుకు ఒకటి బదులు పదకొండుకు ఒకటి వేసి చూడండి. 120 రోజుల్లో వచ్చే కంది రకాన్ని వేరుశనగలో వేయడం నాకైతే నచ్చదు, రెండూ ఒకే వారాల్లో పూత, కాయ పట్టి ఒకే తేమ కోసం ఎగబడతాయి. అలాగని తేలికపాటి ఎర్రనేలలో ఆరునెలల రకం వేస్తే వానలు వెనకబట్టాక పూత రాలిపోతుంది. నల్లరేగడిలో ఆ భయం తక్కువ.

1.25 చూసి మురిసిపోకముందు రెండు విషయాలు. ఆ అంకెలో ధర లేదు. కాబట్టి ఆ మడుల తూకాలనే ఆ ఏటి మార్కెట్ రేటుతో గుణించి, విత్తనం, కూలి ఖర్చు తీసేసి కూడా చూడండి. రెండోది, బోరు నీళ్లున్న చేనైతే వేరుశనగ తీశాక కంది ఇంకో రెండు నెలలు నేలను పట్టుకుని కూర్చుంటుంది, ఆ రెండు నెలల్లో మీరు రబీ పంట ఎత్తుకోగలిగితే దాన్ని కూడా ఒంటి వేరుశనగ మడి ఖాతాలో రాయాలి. వానాధారంలో ఆ లెక్క అక్కర్లేదు.