కారు డోర్ స్పీకర్ మూగబోయిందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

ముందు స్టీరియోలో బ్యాలెన్స్ (ఎడమ-కుడి సౌండ్), ఫేడర్ (ముందు-వెనక సౌండ్) ఆ స్పీకర్ వైపు తిప్పి చూడండి, ఒక్కోసారి సెట్టింగే మారిపోయి ఉంటుంది. డోర్ తెరుస్తూ మూస్తుంటే సౌండ్ వస్తూ పోతూ ఉందంటే స్పీకర్ తప్పు కాకపోవచ్చు, డోర్ కీళ్ల దగ్గర రబ్బర్ గొట్టంలో వైరు తెగి ఉంటుంది, సోల్డర్ చేసి పైన ఇన్సులేషన్ స్లీవ్ (తొడుగు) వేస్తే చాలు.

అదీ కాకపోతే ప్యానెల్ ఊడదీసి, కనెక్టర్ పీకి, స్పీకర్ టెర్మినల్స్‌కి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూడండి. 4 ఓమ్‌ల స్పీకర్ 3 నుంచి 4 మధ్య చూపిస్తే కాయిల్ (లోపలి తీగచుట్ట) బాగున్నట్టే, రీడింగే రాకపోతే కాయిల్ పోయింది లేదా టెర్మినల్ నుంచి కోన్‌కి (స్పీకర్‌లో కదిలే గిన్నెలాంటి భాగానికి) వెళ్లే అల్లిక తీగ తెగింది, తీగైతే మాత్రం తప్పకుండా అతికించుకోండి. మీటర్ లేదా? 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని టెర్మినల్స్‌కి క్షణం తాకిస్తే టక్కుమని కోన్ కదలాలి. కోన్‌ని వేళ్లతో సమానంగా, మెల్లగా నొక్కినప్పుడు గరగరమంటే కాయిల్ రుద్దుకుంటోంది, ఆ స్పీకర్‌ని మార్చేయడమే మంచిది.