ఆట ఆగిన చోటే పాఠం మొదలుపెట్టడం ఎలా?

పీరియడ్ మొదట్లో పిల్లల చేత ఆటో పాటో చేయించడం చాలామంది ఉపాధ్యాయులకు అలవాటే. చిక్కంతా ఆ తర్వాతి రెండు నిమిషాలలో వస్తుంది. ఆట ఆగీ ఆగగానే "ఇక పుస్తకాలు తీయండి" అంటే ఉత్సాహం చల్లారిపోయి గోల మాత్రం మిగులుతుంది. మన తెలుగు వాచకాలలో పాఠానికి ముందుండే ఉన్ముఖీకరణకు అర్థం పిల్లల మనసును పాఠం వైపు తిప్పడమే కాబట్టి, ఆటను ఎంచుకునేటప్పుడే అది పాఠానికి ఏ ప్రశ్నను అందిస్తుందో నిర్ణయించుకోవాలి. ఏ ప్రశ్ననూ అందించని ఆట ఎంత సరదాగా ఉన్నా ఆ పీరియడ్‌కు తగదని నా అభిప్రాయం.

నాలుగో తరగతిలో భాగహారం చెప్పాలనుకుందాం. తరగతిలో 32 మంది ఉన్నారు. ఉపాధ్యాయురాలు ఎన్ని చప్పట్లు కొడితే అంతమంది చొప్పున పిల్లలు గుంపులు కట్టాలి. ఐదు చప్పట్లు కొడితే ఆరు గుంపులు ఏర్పడి ఇద్దరు మిగిలిపోతారు. సాధారణంగా ఆ ఇద్దరినీ ఓడిపోయినవారిగా పక్కన నిలబెడతాం. అలా చేయకుండా వారి చేతికే సుద్దముక్క ఇచ్చి, గుంపులను లెక్కపెట్టించి, 32, 5, 6, 2 అనే అంకెలను నల్లబల్లపై రాయించాలి. శేషం అనే మాటను ఉపాధ్యాయురాలు పలకకముందే ఆ శేషం పిల్లల కళ్ల ముందు నిలబడి ఉంటుంది.

తర్వాత నాలుగు చప్పట్లు కొడితే ఎనిమిది గుంపులు సరిగ్గా కుదురుతాయి. "ఇంకోసారి టీచర్" అని పిల్లలు అడుగుతుండగానే, అంటే అయిదారు నిమిషాలలోపే, ఆట ఆపాలి. ఆపే ముందు ఇదే చివరిసారి అని చెప్పి, గుంపులు చెదరకుండా ఉన్నచోటే కూర్చోబెట్టి, గొంతు తగ్గించి, "ఎవరూ మిగలకుండా ఉండాలంటే ఇంకా ఎన్నెన్ని చప్పట్లు కొట్టవచ్చు?" అని అడగాలి. కేకవేసి సద్దుమణిగించడం కంటే జవాబు వెతికే పని అప్పగించడమే పిల్లలను త్వరగా కుదుటపరుస్తుంది. ఇంకా కుదురుకోని ఒకరిద్దరికి పలకలు పంచే బాధ్యత ఇవ్వవచ్చు. హాజరు పిలవడం, హోంవర్కు చూడడం వంటివి ఆటకు ముందే ముగించుకోవాలి. మధ్యలో పెడితే దారం తెగిపోతుంది.

పిల్లలు పలకలపై 2, 8, 16 అని రాస్తుండగా, బల్లపై ఉన్న అంకెలనే తీసుకొని విభాజ్యం, భాజకం, భాగఫలం, శేషం అనే పేర్లు చెప్పి, పుస్తకంలోని లెక్కలకు రావాలి.

మరునాడు ఒకరు బడికి రాకపోతే ఆట మళ్లీ ఆడించనక్కరలేదు. బల్లపై 31 అని రాసి, ఇద్దరేసి మొదలుకొని 30 మంది వరకు ఎలా గుంపులు కట్టినా ఎవరో ఒకరు మిగిలిపోతారేమో చూడమంటే చాలు.