మన చిన్నప్పుడు చూసిన బ్రహ్మానందాన్ని ఇప్పుడు మళ్ళీ చూడాలంటే

ముందు మీమ్స్, రీల్స్ పక్కన పెట్టేయండి, వాటిల్లో ఆయన మొహం మాత్రమే ఉంటది, క్యారెక్టర్ ఉండదు. 1987లో వచ్చిన జంధ్యాల గారి అహ నా పెళ్ళంటతో మొదలుపెట్టండి, ముక్కలుగా కాదు, పూర్తిగా.

చిన్నప్పుడు మనం అరగుండు చూసి నవ్వాం, అంతే కదా. ఈసారి కోట గారు తిడుతున్నప్పుడు కోట గారిని చూడకుండా పక్కన నిలబడ్డ బ్రహ్మానందాన్ని చూడండి. ఒక సీన్ సౌండ్ తీసేసి కూడా చూడండి, డైలాగ్ లేనప్పుడు కూడా ఆ కళ్ళు, పెదాలు లోపల రగిలిపోతున్న పనోడి కోపాన్ని ఎలా ఆపుకుంటున్నాయో తెలుస్తది. ఒక ఆఫీసులో పదేళ్ళు మాట పడ్డాక నాకు ఆ మొహం అర్థమైంది, నిజంగా గొంతు పట్టేసింది.

తర్వాత 1993లో వచ్చిన మనీ సినిమాలో ఆయన ఖాన్ దాదా. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసిన మనిషి ఆ హైదరాబాదీ యాస ఎలా పట్టాడో చెవి పెట్టి వినండి.

పాత సినిమాల్లో ఒంటి రంగు మీద, లావు మీద వేసిన జోకులు ఇప్పుడు నవ్వు రానివ్వవు. రాకపోతే వదిలేయండి, ఆయన మీద ప్రేమ ఏం తగ్గదు.

రంగమార్తాండ (2023) మాత్రం చివర్లోనే చూడండి, అమ్మానాన్నలతో కూర్చుని, ఫోన్లు ఇంకో గదిలో పెట్టేసి. ఆ హాస్పిటల్ సీన్ అయ్యాక మా నాన్న చాలాసేపు టీవీ ఆపలేదు.