రూములో వాఫిల్స్ – రెండో పాఠం: పిండి, ఆవిరి

పోయిన పాఠంలో కరెంటు సంగతి తేల్చుకున్నాం. వాఫిల్ మేకర్, అంటే గళ్ళగళ్ళుగా ఉండే వాఫిల్ అట్టును రెండు ప్లేట్ల మధ్య కాల్చే మెషిన్, దాని అడుగున రాసిన వాట్లు చూశారు కదా? మామూలుగా 700 నుంచి 1000 దాకా ఉంటాయి. గదుల్లో ఉండే 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల మీద సుమారు 1380 వాట్లు మోస్తుంది కాబట్టి మెషిన్ ఒక్కదానికైతే దిగుల్లేదు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు టీ కెటిల్ కూడా తగిలించారా, కరెంటు పోతుంది, కింద నుంచి ఓనరు పైకొస్తారు. ఈ పాఠాలు తిరుపతిలో బాలాజీ కాలనీ, కె.టి. రోడ్డు పక్కల అద్దె గదుల్లో ఉండేవాళ్ళ కోసం. హాస్టలు వాళ్ళు వార్డెన్‌ని అడగకుండా ప్లగ్గు పెట్టొద్దు.

ఇక పిండి. తిరుపతిలో గది చూడ్డానికి వెళ్తే అడ్వాన్సు మాట కంటే ముందు "గుడ్లూ నీసూ వండరు కదా?" అనే ప్రశ్న వచ్చే ఇళ్ళు బోలెడు. అందుకే గుడ్డు లేని పద్ధతే నేర్పుతున్నాను. గుడ్డు లేకపోతే వాఫిల్ రాదన్నది ఉత్తమాట. పిండిని పొంగించే పని పుల్లటి పెరుగు, వంటసోడా కలిసి చేసేస్తాయి. పెరుగులోని పులుపు సోడాకు తగలగానే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, ఆ బుడగలే వాఫిల్ లోపలి గుల్ల. ఎండాకాలంలో మన ఊళ్ళో పొద్దున తెచ్చిన పెరుగు సాయంత్రానికే పులుస్తుంది. అన్నంలోకి పనికిరాదని పారబోసేది దీనికి భేషుగ్గా పనికొస్తుంది.

ఒక కప్పు మైదా, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, రెండు పెద్ద చెంచాల చక్కెర, ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడరు, పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు. ఇవన్నీ పొడిగానే కలిపి ఉంచండి. వేరే గిన్నెలో అరకప్పు పెరుగు చిలికి, అరకప్పు పాలు, మూడు పెద్ద చెంచాల నూనె పోయండి. వెన్న కరిగించి పోస్తే రుచి ఎక్కువే, కానీ నెలాఖరులో నూనె చాలు. కార్న్‌ఫ్లోర్ మాత్రం మానొద్దు, పైపొర కరకరలాడేది దానివల్లే. చక్కెర చేయి జారిందంటే మాడి ప్లేటుకు అతుక్కుంటుంది.

ఇప్పుడు తడిది పొడిదాంట్లో పోసి గరిటెతో పది పన్నెండు తిప్పులు తిప్పి ఆపేయండి. ఇక్కడే చాలామంది చెయ్యి ఆగదు. ఉండలు కనిపిస్తే అమ్మ తిడుతుందన్న భయం ఇంకా పోలేదు! చిన్న చిన్న ఉండలు ఉండనీయండి. మైదాను ఎంత గిలక్కొడితే అంత సాగుతుంది, వాఫిల్ రబ్బరు చెప్పులా తయారవుతుంది. పిండి చిక్కదనం ఇడ్లీ పిండికి, దోసె పిండికి మధ్యగా ఉండాలి. బిగుసుకుంటే రెండు చెంచాల పాలు చాలు. రాత్రి కలిపి పొద్దున పోసుకుందామనుకోకండి. దోసె పిండి నానేకొద్దీ పులిసి పొంగుతుంది, ఇందులో గ్యాసు మాత్రం కలిపిన నిమిషం నుంచే పోతూ ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి పోసేయడమే.

మెషిన్ లైటు మారేదాకా వేడెక్కనిచ్చి, ప్లేట్లకు రెండువైపులా కాస్త నూనె పూసి, పిండి నడిమధ్యలో పోయండి. అంచుల దాకా నింపొద్దు, మూత వేయగానే అదే పరుచుకుంటుంది. 1869 ఆగస్టు 24న అమెరికాలో కార్నీలియస్ స్వార్ట్‌అవుట్ పేటెంటు తీసుకున్న వాఫిల్ పెనం పొయ్యి మీద పెట్టేది, మధ్యలో తిప్పాల్సి వచ్చేది. మన మెషిన్‌లో రెండు ప్లేట్లూ కాలుతాయి కనుక తిప్పే పని లేదు.

మూత సందుల్లోంచి ఆవిరి బుసబుసా వస్తుంది. అది వస్తున్నంతసేపు లోపల నీళ్ళున్నట్టే. ఆ సమయంలో మూత ఎత్తారా, వాఫిల్ సగం పైప్లేటుకు, సగం కిందిప్లేటుకు అంటుకుని రెండుగా చీలుతుంది. గడియారం చూడకండి, ఆవిరిని చూడండి. బాగా తగ్గాక, మెల్లగా ఎత్తితే మూత తేలిగ్గా లేవాలి. బిగిసినట్టుంటే ఇంకో నిమిషం ఉంచండి. తీయడానికి చెక్క గరిటె వాడండి, స్టీలు అట్లకాడ తగిలితే నాన్‌స్టిక్ పొర గీసుకుపోతుంది.

తీసిన వాఫిల్‌ను స్టీలు కంచంలో పెడితే కింద చెమ్మ పట్టి రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చినా అంతే. జాలీ లేకపోతే కాఫీ గ్లాసులు రెండు బోర్లించి వాటిమీద నిలబెట్టండి, కింద గాలి ఆడితే చాలు.

ప్లగ్గు తీసి, చల్లారాక తడిగుడ్డతో తుడవండి. కుళాయి కింద పెట్టారంటే ఆ మెషిన్‌తో మీ రుణం తీరినట్టే.

వచ్చే పాఠం పాకం గురించి. మేపుల్ సిరప్ సీసా ధర చూసి వెనక్కి పెట్టేసినవాళ్ళు పావుకిలో చిత్తూరు బెల్లం తెచ్చుకోండి. పచ్చగా మెరిసేది కాదు, ముదురు రంగుది.